చవితి శ్లోకం ఒక జోలపాట

వినాయక చవితి దగ్గరపడగానే ఫోన్లలో ఒక బొమ్మ తిరగడం మొదలవుతుంది. చంద్రుణ్ణి చూసినా దోషం అంటకుండా ఉండాలంటే కింది శ్లోకం చదువుకుంటే చాలని దాని మీద రాసి ఉంటుంది.

సింహః ప్రసేనమవధీత్ సింహో జాంబవతా హతః
సుకుమారక మా రోదీః తవ హ్యేష స్యమంతకః

చాలని ఎవరు తేల్చారో గాని, ఆ మాట పట్టుకుని కథ మానేసిన ఇళ్ళు నాకు తెలిసినవే ఎన్నో ఉన్నాయి. మాచీపత్రం మొదలు అర్కపత్రం దాకా 21 పత్రాలతోనూ ఓపికగా పూజ చేసినవారే, కథ దగ్గరకు వచ్చేసరికి పిల్లలకు ఆకలవుతోందంటూ ఈ రెండు పంక్తులు గబగబా చదివి, అక్షతలు నెత్తిన వేసుకుని లేచిపోతున్నారు.

అసలు ఈ శ్లోకం పుట్టిందే పసిబిడ్డను ఊరుకోబెట్టడానికి. విష్ణుపురాణంలో ఇది జాంబవంతుడి గుహలో ఏడుస్తున్న పిల్లవాడితో దాది అన్న మాట: ప్రసేనుణ్ణి సింహం చంపింది, ఆ సింహాన్ని జాంబవంతుడు చంపాడు, ఏడవకు నాన్నా, ఈ శమంతకం నీదే. రోజుకు ఎనిమిది బారువుల బంగారమిచ్చే మణి అక్కడ పిల్లవాడి ఆటవస్తువు. తన తమ్ముడు ప్రసేనుణ్ణి కృష్ణుడే చంపి మణి కాజేశాడని ఆ మణి సొంతదారు సత్రాజిత్తు అన్న సంగతి గాని, ద్వారకంతా అదే గుసగుసలాడుతున్న సంగతి గాని, ఆ నింద మోస్తున్నవాడు అడుగుజాడలు పట్టుకుని గుహలోకి వచ్చి తన మాటే వింటున్నాడని గాని ఆమెకు తెలియదు. బిడ్డ ఏడుపు మానితే ఆమెకు అదే పదివేలు. కొలువులో పెద్దలెవరి నోటా రాని నిజం, పురాణం పేరైనా చెప్పని ఒక దాది నోట జోలపాటగా వచ్చి, స్వామి చెవిన పడింది.

మా అమ్మమ్మ పురాణాలు చదివిన మనిషి కాదు. అయినా అంతవరకు గలగలా సాగిన ఆమె గొంతు ఈ శ్లోకం దగ్గరకు వచ్చేసరికి సగానికి దిగేది. దూలానికి కట్టిన చీర ఉయ్యాలను ఒక చేత్తో ఊపుతూ, ఆ ఏడు అందులో ఏ పసివాడుంటే వాడికే చెబుతున్నట్టు రాగం తీసి పాడేది. మేము పాలవెల్లి ఎదురుగా కూర్చుని, దానికి వేలాడుతున్న వెలక్కాయనూ మొక్కజొన్న పొత్తులనూ చూస్తూ, పిడికిట్లో అక్షతలు పట్టుకుని వినేవాళ్ళం. కథ ముగిసేలోగా చెమటకు పసుపు కరిగి అరచేతి గీతల్లోకి ఇంకేది, బియ్యపు గింజలు మెత్తబడి వేళ్ళకు అంటుకునేవి. పిడికిలి విప్పితే కథ మొదటికొస్తుందని బెదిరించేది. నిజానికి ఆ బెదిరింపు మాకు ఇష్టంగానే ఉండేది.

జాంబవంతుడితో యుద్ధం విష్ణుపురాణం చెప్పినట్టు 21 రోజులు జరిగిందా, భాగవతం చెప్పినట్టు 28 రోజులా అన్న చర్చ మగవాళ్ళది. అమ్మమ్మ యుద్ధాన్ని ఒక్క వాక్యంలో ముగించేది. ఆమె ఆగేది సత్రాజిత్తు దగ్గర. “కళ్ళారా చూశాడా? చూడలేదు. మరి ఎలా అన్నాడర్రా?” అని మమ్మల్నే నిలదీసేది. ఆ పూట ఇంట్లో పరాయివాళ్ళ ఊసు ఎత్తనిచ్చేది కాదు. పొరుగింటి కోడలి గురించి ఎవరైనా నోరు తెరిస్తే, “నెత్తిన అక్షతలు ఇంకా రాలలేదు” అనేది, అంతే. మన మీద నింద పడుతుందని చవితి చంద్రుడికి భయపడి తలుపులు మూసుకుంటాం గాని, మనం ఇతరుల మీద వేసే నిందలకు వెరవడం ఆ కథ వింటేనే అలవడుతుంది.

కాబట్టి అమ్మలారా, అయ్యలారా, ఈ చవితికి కథ మానకండి. ఇంట్లో చంటిబిడ్డ ఉంటే ఒళ్ళో వేసుకుని ఆ శ్లోకం మెల్లగా పాడండి. బిడ్డ నిద్రపోయినా సరే, ఆ నెత్తిన కూడా నాలుగు అక్షతలు వేయండి. కథ చెప్పే పని ఇంట్లో అందరికంటే పెద్దావిడకు అప్పగించండి. చూపు ఆనకపోతే గుర్తున్నంతవరకు నోటితోనే చెప్పమనండి. ప్రసేనుడి పేరు దగ్గర తడుముకుంటే మీరు అందించండి గాని, ఆమెను ఆపి వీడియో మాత్రం పెట్టకండి.