ముందు చెవి, తర్వాత చెయ్యి

సింగపూర్‌లో కొన్నేళ్ళు, ఆ తర్వాత ఇప్పటిదాకా అమెరికాలో, వీణ పాఠాలు చెప్పడమే నా పని. రెండు చోట్లా తల్లిదండ్రులు మొదటి రోజే అడిగే ప్రశ్న ఒకటుంది: "మా అమ్మాయికి వీణ రావడానికి ఎన్నేళ్ళు పడుతుందండీ?" నేను నేర్చుకున్న విజయనగరంలో ఈ మాట ఎవరూ అడగగా వినలేదు. అక్కడ సంగీత కళాశాలలో లెక్క కాగితం మీదే ఉంటుంది. సర్టిఫికెట్ నాలుగేళ్ళు, డిప్లొమా రెండేళ్ళు. ఆ ఆరేళ్ళూ పూర్తయ్యాక కూడా "నాకు వీణ వచ్చు" అనే ధైర్యం ఎవరికీ ఉండదు. "మాస్టారి దగ్గరికి వెళ్తున్నాను" అంటారు, అంతే.

ఆ మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ నేర్పుతూ 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల గారు, సుశీల గారు అక్కడ చదువుకున్నవాళ్ళే. అయితే మా చదువుకు ఈ పెద్ద పేర్ల కంటే ఎక్కువ పనికొచ్చింది ఆ భవనంలో రోజంతా వినిపించే చప్పుడు. ఒక గదిలో గాత్రం, పక్క గదిలో వయొలిన్, ఆ చివర మృదంగం. మా క్లాసు అయిపోయినా ఇంటికి వెళ్ళబుద్ధి కాక వరండాలో కూర్చునేవాళ్ళం. ఇంట్లో పొద్దున్నే రేడియోలో భక్తిరంజని, నవరాత్రుల్లో గుడిలో కచేరీలు. నేను కల్యాణి రాగంలో వర్ణం అనే సాధన రచన మొదలుపెట్టే నాటికే ఆ రాగం నా చెవిలో ఏళ్ళ తరబడి నలిగి ఉంది. దాన్ని వేళ్ళలోకి దించడమే మాస్టారికి మిగిలిన పని.

ఆయన మాటల్లో వివరించింది చాలా తక్కువ. ఒక సంగతి, అంటే పాటలో ఒక పంక్తిని పలికించే తీరు, వాయించేవారు, మేం దాన్ని పాడాలి. పాట కుదిరాకే వీణ ముట్టుకోనిచ్చేవారు. "నోట్లో లేనిది వేలికి ఎక్కడి నుంచి వస్తుందే?" అనేవారు. అప్పట్లో అది చాదస్తంలా అనిపించేది. పరాయి దేశంలో పిల్లల ఎదురుగా కూర్చున్నాక, ఆ ఒక్క పద్ధతి మీదే నా ఉద్యోగమంతా నిలబడింది.

మా వైపు వైణికులు ఊరు దాటడం కొత్తేమీ కాదు. పిఠాపురం ఆస్థాన విద్వాంసులు తుమరాడ సంగమేశ్వర శాస్త్రి గారు రవీంద్రనాథ్ ఠాగూర్ కోరిక మీద శాంతినికేతన్ వెళ్ళి వీణ నేర్పారు. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారు మద్రాసు సినిమా స్టూడియోలో పనిచేసి, ఢిల్లీ ఆకాశవాణిలో వాద్యబృందాన్ని నడిపారు. ఆయన శిష్యులు చిట్టిబాబు గారు దేశదేశాల్లో కచేరీలు చేశారు. సింగపూర్‌లో ఒక సంగీత పాఠశాల నుంచి ఉద్యోగం వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదంటే, ఈ పేర్లు వింటూ పెరిగిన ఇల్లు కావడమే కారణం.

వెళ్ళేముందు మాస్టారు తన పాత వీణ ఇస్తానన్నారు. దాని అంచుల మీద ఏనుగు దంతపు పని ఉంది. వన్యప్రాణుల వ్యాపారం మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందం వల్ల దంతాన్ని దేశాలు దాటించడం కుదరదు. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే వాయిద్యం పోయినట్టే. ఆ వీణ ఆయన దగ్గరే ఉండిపోయింది. నేను బొబ్బిలి దగ్గర గొల్లపల్లి వెళ్ళి కొత్తది చేయించుకున్నాను. అక్కడి పనివాళ్ళు కుండ (నాదం పలికే బుర్ర), దండి (పొడవాటి మెడ) అతుకు లేకుండా ఒకే పనస దుంగలో తొలిచేస్తారు. ఏకాండి వీణ అంటారు. నాదం అద్భుతంగా ఉంటుంది గానీ, విడదీసి పెట్టెలో సర్దుకునే వీలుండదు. నాలుగడుగులు దాటిన ఒకే ముక్కను విమానంలో తీసుకెళ్ళాలంటే ప్రతిసారీ టెన్షనే. అందుకే విదేశాల్లో ఉన్న చాలామంది ఇప్పుడు విడదీసే వీణలు కొంటున్నారు. వాళ్ళను తప్పుపట్టను, నేను మాత్రం మారలేదు.

వీణ మోయడం ఒక కష్టమైతే, దాన్ని బతికించుకోవడం ఇంకో కష్టం. వీణ మీద తీగను నొక్కడానికి 24 మెట్లు ఉంటాయి. వాటిని మేకులతో కొట్టరు, మైనంలో నిలబెడతారు. తేనెమైనంలో గుగ్గిలం, మసి కలిపి ముద్ద చేసి, దాని మీద ఒక్కో మెట్టునూ చెవితో విని సరైన చోట అదుముతారు. ఎండ తగిలితే మైనం మెత్తబడుతుంది, చలికి పెళుసెక్కుతుంది. సింగపూర్ గాలిలో తేమకు ఉక్కు తీగలు తుప్పు పట్టేవి, చెక్క ఉబ్బి తీగలు బిగించే బిరడలు బిగుసుకుపోయేవి. అమెరికాలో దీనికి పూర్తిగా ఎదురు. శీతాకాలంలో ఇంట్లో హీటర్ వేస్తే గాలి ఎంత పొడిబారుతుందంటే చెక్క పగులుతుంది. గిటార్లకు చెప్పినట్టే వీణ గదిలోనూ తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా హ్యుమిడిఫయర్ పెట్టుకోవాలి. మెట్లు కదిలితే సరిచేసేవాళ్ళు ఊళ్ళో ఉండరు కాబట్టి, సెలవులకు వెళ్ళినప్పుడల్లా గొల్లపల్లిలో మేస్త్రి పక్కన కూర్చుని ఆ పని నేర్చుకున్నాను. నా శిష్యులకూ నేర్పుతున్నాను. పరాయి దేశంలో వీణ నేర్చుకునే పిల్లలకు వర్ణం ఎంత అవసరమో ఇదీ అంతే అవసరమని నా నమ్మకం.

సింగపూర్‌లో నా దగ్గర చేరినవాళ్ళలో ఎక్కువమంది తమిళ పిల్లలు. వాళ్ళ తాతల కాలం నుంచీ అక్కడ సంగీత సభలున్నాయి. సింగపూర్ ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ 1949 నాటిది. వాళ్ళ ఇళ్ళల్లో త్యాగరాజ కీర్తనలు మోగుతూనే ఉంటాయి. భాష మాత్రం తెలియదు. రాగం పట్టుకోవడంలో వాళ్ళకు ఇబ్బంది ఉండేది కాదు, మాట ఎక్కడ విరుస్తారో అక్కడ తడబడేవాళ్ళు. వీణలో సాహిత్యం పలకదు కదా అనుకుంటారు గానీ, ఏ అక్షరం దగ్గర మీటు పడాలో సాహిత్యమే చెబుతుంది. నాకు వచ్చీరాని తమిళంలో అర్థం చెప్పి, తెలుగులో పాడించి, అప్పుడు వాయించమనేదాన్ని. అది మంచి కాలం. అయితే అక్కడి వర్క్ పాస్ మీద ఉన్నవాళ్ళు ఆ ఒక్క యజమాని దగ్గరే పనిచేయాలి. బయట ఒక్క పిల్లకు కూడా జీతం తీసుకుని పాఠం చెప్పకూడదు. ఉద్యోగం పోతే దేశంలో ఉండే హక్కూ పోతుంది. ఆ భయం లేకుండా పడుకున్న రాత్రులు తక్కువ.

పెళ్ళయ్యాక అమెరికా వచ్చాను, హెచ్4 వీసా మీద. ఇది చదివేవాళ్ళలో చాలామందికి ఆ రెండక్షరాలు ఏమిటో వివరించక్కర్లేదు. భర్తది హెచ్1బీ అనే ఉద్యోగ వీసా, మనం ఆయన మీద ఆధారపడినవాళ్ళం. అప్పట్లో పని చేయకూడదు. ఇంట్లో కూర్చుని పక్కింటి పిల్లకు సరళీ వరుసలు చెప్పి ఇరవై డాలర్లు తీసుకున్నా అది అనుమతి లేని పనే. న్యూజెర్సీలో మా చుట్టుపక్కల వీణ నేర్పేవాళ్ళు లేరు, అడిగేవాళ్ళు చాలామంది. నేను ఉచితంగా చెప్పాను. ఉచితమనేసరికి క్లాసుకు రాకపోవడం, చివరి నిమిషంలో మానేయడం, "ఆంటీ ఖాళీగానే ఉంటారు కదా" అనడం. చదువుకున్న చదువుకు, కాయలు కాసిన వేళ్ళకు విలువ లేకుండా పోయిందని ఏడ్చిన రోజులున్నాయి. నాలాంటి సంగీత విద్వాంసులు, నాట్యం నేర్చినవాళ్ళు, డాక్టర్లు, ఇంజినీర్లు ఎంతమంది ఆడవాళ్ళు ఈ దేశంలో వంటింట్లో ఆగిపోయారో తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. 2015 మే నెలలో నిబంధన మారింది. గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటినవాళ్ళ భార్యాభర్తలకు పని అనుమతి ఇవ్వడం మొదలైంది. నా పని అనుమతి కార్డు చేతికొచ్చిన నెల నుంచే ఫీజు తీసుకోవడం మొదలుపెట్టాను. సగం మంది మానేశారు. మిగిలినవాళ్ళు ఇంటి దగ్గర సాధన చేసి రావడం మొదలుపెట్టారు.

ఇక్కడి పిల్లలు తెలివైనవాళ్ళు. చాలామంది బడిలో ఆర్కెస్ట్రాలో వయొలిన్, చెలో వాయిస్తారు. కాగితం మీద స్వరం చూసి వెంటనే వాయించగలరు. మా కాలేజీలో అంత వేగంగా చదవగలిగినవాళ్ళు లేరు. ఆ చురుకుదనమే మొదట్లో అడ్డం పడుతుంది. తోడి రాగంలో గాంధారాన్ని కాగితం మీద "గ" అని రాస్తాం. నిజానికి ఆ గాంధారం ఒకచోట నిలవదు. కింద రిషభం వైపు, పైన మధ్యమం వైపు ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపే తోడి. పిల్లలు కాగితం చూసి ఆ మెట్టు మీద వేలు పెట్టి మీటి, ఫోన్లో శ్రుతి కొలిచే ట్యూనర్ చూపించి "కరెక్టే కదా ఆంటీ" అంటారు. ట్యూనర్ లెక్కన కరెక్టే. తోడి మాత్రం అక్కడ లేదు. వీణలో తీగను పక్కకు లాగి ఒకే మెట్టు మీద మూడు నాలుగు స్వరాలు పలికించవచ్చు. ఎంత లాగాలో కొలిచి చెప్పే పరికరం లేదు. ఆ స్వరం ముందే చెవిలో ఉండాలి.

మాకు ఆ చెవి వరండాలో ఊరికే వచ్చింది. ఇక్కడి పిల్లలకు అది ఎక్కడి నుంచీ రాదు. కారులో వేరే పాటలు, బడిలో వేరే సంగీతం, ఇంట్లో హెడ్‌ఫోన్లు. వారానికి ముప్పావు గంట నా దగ్గర విన్నదే వాళ్ళు విన్న కర్ణాటక సంగీతం. అందుకే మొదటి మూడు నెలలు వీణ ఒళ్ళో పెట్టను. పాడిస్తాను, తాళం వేయిస్తాను, ఒకే కీర్తన నలుగురైదుగురు విద్వాంసులు పాడింది వినిపించి తేడా చెప్పమంటాను. ఒక వారమంతా ఒకటే రాగం, అన్నం తినేటప్పుడు కూడా అదే పెట్టమని తల్లులకు చెబుతాను. వీణ కొన్నాం కదా, ఎప్పుడు వాయిస్తుంది అని గొడవపడి వెళ్ళిపోయినవాళ్ళున్నారు. ఉన్నవాళ్ళు మాత్రం నాలుగో ఏడాదికి నాకే ఆశ్చర్యం కలిగించేలా వాయిస్తారు. ఈస్టర్ సమయంలో క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి జరుగుతున్న త్యాగరాజ ఆరాధనకు వాళ్ళను తీసుకెళ్తాను. పోటీల కోసం అంతగా కాదు. వందలమంది కలిసి పంచరత్న కీర్తనలు పాడుతుంటే మధ్యలో కూర్చోవాలి. అక్కడ ఒక పూట కూర్చుంటే, నేను నెలలపాటు చెప్పినా రానిది వస్తుంది.

2020లో క్లాసులన్నీ ఆన్‌లైన్‌కు మారినప్పుడు ఈ పద్ధతి గట్టి పరీక్షకు నిలిచింది. ఆన్‌లైన్‌లో గురువు, శిష్యులు కలిసి వాయించలేరు, శబ్దం ఆలస్యంగా చేరుతుంది. పైగా మాటల కోసం తయారైన వీడియో కాల్ సాఫ్ట్‌వేర్ మీటు తర్వాత సాగే నాదాన్ని చప్పుడు అనుకుని కత్తిరించేస్తుంది. వీణకు ప్రాణమే ఆ సాగే నాదం. సెట్టింగుల్లో నాదాన్ని కత్తిరించకుండా పంపే ఒరిజినల్ సౌండ్ అనేది ఉందని తెలిసేదాకా అందరం అవస్థ పడ్డాం. ఆ రోజుల్లో చెవి తయారైన పిల్లలు తమ తప్పు తామే పట్టుకుని దిద్దుకున్నారు. కాగితం చూసి వాయించేవాళ్ళు ఆగిపోయారు.

నా మొదటి శిష్యుల్లో ఒకమ్మాయి ఇప్పుడు కాలేజీ ముగించి వేరే రాష్ట్రంలో ఉద్యోగం చేస్తోంది. అక్కడ నలుగురు పిల్లలు వీణ నేర్పమని అడిగారట. ఫోన్ చేసి రెండు విషయాలు అడిగింది. "ఫీజు తీసుకోవాలా ఆంటీ? నాకింకా పూర్తిగా రాదు కదా." మొదటి నెల నుంచే పూర్తి ఫీజు తీసుకోమన్నాను, సిగ్గుపడొద్దన్నాను. రెండోది, మూడు నెలలు వీణ ముట్టుకోనివ్వకపోతే తల్లిదండ్రులు ఒప్పుకోరేమోనని భయం. వాళ్ళ నంబర్లు పంపమ్మా, నేను మాట్లాడతానని చెప్పాను. ముగ్గురు ఒప్పుకున్నారు. నాలుగో ఆయనతో వచ్చే ఆదివారం మళ్ళీ మాట్లాడాలి.