లోపలి ప్యాడ్

పదకొండున్నర దాటింది. నిద్ర రావట్లేదు, లేచి ఇది రాస్తున్నా. పాత పేపర్లో చుట్టి తెచ్చిన మా కారు బ్రేక్ ప్యాడ్లు రెండు, అంటే చక్రంతో తిరిగే డిస్క్‌ను రెండు దిక్కుల నుంచి నొక్కి ఆపేవి, ముందర పెట్టుకున్నా. ఈ చెత్తంతా ఎందుకు తెచ్చావని ఇంట్లో అడిగితే జవాబు చెప్పలేదు. స్కేలు పెట్టి కొలిచా. ఒకటి ఏడు మిల్లీమీటర్లు ఉంది, ఇంకా చాలా దూరం నడిచేది. రెండోదానికి మందమే లేదు, ఉత్త ఇనుప రేకు, దాని మీద కూడా గీతలు. రెండూ ఒకే చక్రానివి, ఎడమ ముందుది. పోయిన దసరాకు ఒకే రోజు వేయించినవి.

బ్రేక్ తొక్కితే కారు గరగరమంటోందని ఇంతకుముందే ఇక్కడ సణిగా. కానీ అంతకుముందు జూన్‌లో కీచుమనేది, అది రాయలేదు. ప్యాడ్ రెండు మూడు మిల్లీమీటర్లకు వచ్చినప్పుడు అరవడానికే దానికొక చిన్న రేకు పెడతారట. అది నెల రోజులు అరిచి అరిచి ఊరుకుంది, నేనేమో తగ్గిందిలే అని సంబరపడ్డా. తర్వాత మొదలైంది అసలు చప్పుడు. చిన్నది వెనక సీట్లోంచి "డాడీ, కారు పండ్లు కొరుకుతుంది" అంది, అందరం నవ్వాం.

ఇంక వైద్యులు బయల్దేరారు. బావమరిది కంకర రాయి ఇరికి ఉంటది అన్నాడు, డిస్క్‌కూ దాని వెనక రేకుకూ మధ్య, నిజంగానే ఇరుకుతుందట, ముందుకూ వెనక్కూ నడిపితే రాలిపోతుందని గల్లీలో నాతో ఇరవైసార్లు రివర్స్ చేయించాడు, ఎదురింటి పెద్దాయన అరుగు మీద కూర్చుని సినిమా చూసినట్టు చూశాడు. వానలకు డిస్క్ మీద తుప్పు పడుతుంది, నాలుగు బ్రేకులు కొడితే పోతుంది అని నాకు నేను చెప్పుకున్నా. పొద్దున పూట తుప్పు సరే, సాయంత్రం నార్కట్‌పల్లి నుంచి వస్తున్నప్పుడు కూడా తుప్పేనా? అదొక్కటి అడుక్కోలేదు. బ్రేక్ తొక్కితే స్టీరింగ్ కుడికి లాగుతోందని అలైన్‌మెంట్ చేయించా, అదొక దండగ. బ్రేక్ ఆయిల్ తగ్గిందని దాని డబ్బాలో పోసి, బండి బాగా చూసుకుంటున్నా అనుకున్నా. ప్యాడ్ అరిగేకొద్దీ దాన్ని నొక్కే పిస్టన్ ముందుకు జరిగి ఆయిల్ దానంతట అదే దిగుతుందని ఈ రోజే తెలిసింది, ఎలాగంటే కొత్త ప్యాడ్ల కోసం పిస్టన్ వెనక్కి నొక్కేసరికి నేను పోసిందంతా పొంగి పెయింట్ మీదికి కారింది. ఉరికి నీళ్లు పోసి కడిగారు.

ఇవన్నీ పోనివ్వండి. నిద్ర పట్టనివ్వనిది వేరే. మొన్న అమావాస్యకు చెర్వుగట్టు, గుట్ట మీది శివుడి గుడికి, పోతామని మా ఆవిడ అంటే, నేను చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, అలాయ్ సందుల్లోంచి ఫోన్ లైటు కొట్టి చూసి, "ప్యాడ్ మంచిగనే ఉంది, పోండి" అన్నా. నేను చూసింది బయటి ప్యాడ్. ఈ ఏడు మిల్లీమీటర్లది. లోపలిది చక్రం విప్పితే గానీ సరిగ్గా కనపడదు. ఆమె పిల్లల్ని వేసుకుని గట్టెక్కింది, అక్కడే నిద్ర చేసి పొద్దున్నే ఆ మలుపుల్లో దిగింది, ఒక్క ఇనుప రేకు మీద.

దేవరకొండ రోడ్డులో ఈ కొత్త మెకానిక్ తమ్ముడు ఇవాళ చక్రం విప్పి రెండు నిమిషాల్లో చెప్పేశాడు. పిస్టన్ ఒక్కటే, అది లోపలి దిక్కు ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ను డిస్క్‌కు నొక్కితే, ప్యాడ్లను పట్టుకునే కాలిపర్ పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను లాక్కొస్తుంది. పిన్ను పట్టేసింది, కాలిపర్ జరగట్లేదు, కష్టమంతా లోపలిదే చేసింది. సుత్తి దెబ్బలు పడితే గానీ పిన్ను రాలేదు.

నాకు అమ్మమ్మ ఇసుర్రాయి గుర్తొచ్చింది. ఎందుకో చెప్తా. ఎండాకాలం సెలవుల్లో కందులు విసిరేవాళ్లు, అమ్మమ్మ ఒక దిక్కు, చిన్నమ్మ ఒక దిక్కు, పిడి మీద నాలుగు చేతులు. ఒక ఏడు ఏమైందంటే చిన్నమ్మ దిక్కు పప్పంతా నుసి, అమ్మమ్మ దిక్కు కందికి కంది అలాగే బయటికొచ్చేది. చిన్నమ్మ బలమంతా పెడుతుందని ఒకరు, కందులు ఆరలేదని ఒకరు. రాయికి గాట్లు పెట్టే కక్కు కొట్టేవాళ్లు వీధిలోకి వస్తే పిలిచి కొట్టించారు కూడా, శేరు జొన్నలు పోయాయి, పప్పు మాత్రం అంతే. చివరికి అమ్మమ్మ పై రాయి లేపి పక్కన పెట్టించి, కొంగుతో పిండి తుడిచి, కళ్లు మూసుకుని అరచెయ్యి మెల్లగా తిప్పింది. పిండి వాసన, పచ్చి కందుల వాసన ఇప్పటికీ వస్తోంది. "రాయికేం కాలేదు, నడుమ కట్టె ఒరిగింది" అంది. తాత తుమ్మ కట్టె చెక్కి దిగ్గొట్టాడు. ఆమెకు చూపు అప్పటికే మందగించింది, అందుకే చెయ్యి పెట్టిందేమో. నాకు చూపు బాగానే ఉంది.

ఇక్కడిదాకా పాత మెకానిక్‌ను తిడదామనే రాశా. పిన్నులు ముట్టుకోకుండా ప్యాడ్లు తగిలించి డబ్బులు తీసుకున్నాడని. కానీ ఆ పిన్ను రబ్బరు తొడుగు చూపించాడు తమ్ముడు, ఉబ్బిపోయి మెత్తగా, ఒక పక్క చీలి ఉంది. "గ్రీజు పెట్టిండన్నా, మామూలు గ్రీజు. రబ్బరును తింటది. సిలికాన్‌ది పెట్టాలె." అంటే ఆయన పిన్నులు తీశాడు, తుడిచాడు, తప్పు గ్రీజు పెట్టాడు. చీలిన చోట నీళ్లు పోయి తుప్పు పట్టింది.

అప్పుడు ఇంకోటి కూడా గుర్తొచ్చింది. రాయాలా వద్దా అనుకున్నా. పండుగ ముందు రోజు, సాయంత్రం, షెడ్డు ముందు బండ్లు బారులు. "సార్, దీనికి పెట్టే గ్రీజు అయిపోయింది, రేపు పొద్దున తెప్పిస్తా" అన్నాడు. ఊరికి పోవాలి, జమ్మికి అందాలి. ఉన్నది పెట్టి ఇయ్యి అన్నా. అన్నా, ఆ మాట నాదే. అయినా ఆయనకు తెలుసు కదా ఏమవుతుందో, నాకు తెలియదు కదా, ఒక్క ముక్క చెప్తే ఆగేవాణ్ణి. ఆగేవాణ్ణా? ఏమో.

డిస్క్ గీతలు గోరు ఇరికేంత లోతు. లేత్ మీద చెక్కిస్తే అంచు మీద కొట్టి ఉన్న మినిమమ్ కంటే పలచబడుతుందన్నాడు, రెండు వైపులా డిస్కులూ ప్యాడ్లూ కొత్తవి పడ్డాయి. ఎంతయిందో ఇక్కడ రాయను, ఆమె చదువుతుంది. వస్తూ పానగల్లు మీదుగా తిప్పా, ఉదయ సముద్రం నిండుగా ఉంది, అద్దాలు దించితే గాలి చప్పుడు తప్ప ఏం లేదు. కొన్ని రోజులు గట్టి బ్రేకులు కొట్టొద్దన్నాడు కాబట్టి మెల్లగా వచ్చా.

మంచం ఎక్కాక తట్టింది, వెనక చక్రాలవి డ్రమ్ము బ్రేకులు, వాటిని విప్పనేలేదు. రేపు ఆమె మిర్యాలగూడ పోవాలి, అక్కా వాళ్లింటికి. "బస్సులో పోరాదూ" అన్నా.

"బస్సు కింద కూడా లైటు కొట్టి చూస్తవా" అని అటు తిరిగి పడుకుంది.