పై పెట్టెలో తేనెటీగల్ని కిందికి దింపడానికి నేను పడ్డ పాట్లు (నా అనుభవం)

మాది మెట్ట ప్రాంతం, జంగారెడ్డిగూడెం దగ్గర. మావయ్య గారి కొబ్బరి తోటలో మూడేళ్ళ క్రితం పది ఇటాలియన్ తేనెటీగల పెట్టెలు పెట్టా. కింద అరలో రాణి, పిల్లలు ఉంటాయి, దాని మీద తేనె కోసం పెట్టేదే పై పెట్టె. గట్టు అవతల అంతా జీడిమామిడి, కాబట్టి పూతకి లోటు లేదు. నాకు రైస్ మిల్లులో లెక్కలు రాసే ఉద్యోగం, ఈగల పని ఆదివారాలే. అసలు మావయ్య ఒప్పుకున్నది తోటలో ఉన్న కోకో కాపు పెరుగుద్దని. కోకో పూతకి తేనెటీగలు పెద్దగా పనికిరావని, దానికి వేరే నుసుము లాంటి చిన్న చిన్న పురుగులు ఉంటాయని నాకు తర్వాత తెలిసింది, ఆ సంగతి ఆయనకి ఇప్పటికీ సరిగ్గా చెప్పలేదనుకోండి.

తేనె తీయడం మీద వీడియోలు బోలెడు ఉంటాయి. అన్నిట్లోనూ తేనె పిండే మిషన్ తిప్పడం, తేనె ధార కట్టడం, వేలు పెట్టి నాకడం. ఆ ఫ్రేముల (తుట్టె కట్టే చెక్క చట్రాలు) మీద అంతకు ముందు వేల ఈగలు ఉంటాయి కదా, అవి ఏమైపోయాయి, ఎవరు తోలారు, ఎలా తోలారు, ఒక్కడూ చూపించడు. నాకు మూడేళ్ళు పట్టింది ఆ ఒక్క ముక్క అర్థం అవ్వడానికి.

మొదటి ఏడాది ట్రైనింగ్‌లో నేర్పినట్టే చేశా. ఫ్రేము రెండు చెవులు పట్టుకుని పైకి తీసి, పెట్టె ముందు ఒక్క కుదుపు కుదపాలి, సగం పైన ఈగలు రాలిపోతాయి, మిగిలినవి బ్రష్‌తో తుడిచేయాలి. అక్కడ మాస్టారు చేస్తుంటే ఆయనకి వెన్నతో పెట్టిన విద్యలా ఉంది. మనం చేస్తే మొదటి పెట్టె వరకు బానే ఉంది. రెండో పెట్టెలో ఒక ఫ్రేము మీద మైనం మూత చిట్లి తేనె కారింది, ఆ తేనె బ్రష్‌కి అంటుకుంది, నేను చూసుకోకుండా అదే బ్రష్‌తో తుడుస్తున్నా. తడి బ్రష్ ఈగల్ని తుడవదండి, దొర్లిస్తది. ఒక ఈగ కాలు కుచ్చులో చిక్కుకుని గిరగిరా తిరిగింది, తిరిగి తిరిగి పొట్ట వంచి ఆ కుచ్చులోనే ముల్లు దింపేసింది. గుప్పుమని అరటిపండు వాసన. అది ఈగలు ఒకదానికొకటి "ఇక్కడ కుట్టండి" అని చెప్పుకునే వాసన, పండిన అరటిపండులో ఉండే వాసన కూడా అదే, అందుకే పెట్టెల దగ్గరికి అరటిపండు తిని రావద్దని చెప్తారు. ఇంక ఆ తర్వాత బ్రష్ ఎక్కడ పెడితే అక్కడికి వచ్చి పడ్డాయి. మొత్తం పద్నాలుగు కుట్లు. ముసుగు లోపలికి ఒకటి దూరి కనురెప్ప మీద కుట్టింది, మర్నాడు మిల్లుకి ఒంటి కన్నుతో వెళ్ళా. ముల్లు గోటితో గీరాలా వేళ్ళతో పీకాలా అని అడుగుతుంటారు, ఎలాగైనా పర్లేదు కానీ వెంటనే తీసేయాలి, లేటయ్యే కొద్దీ విషం లోపలికి దిగుతూనే ఉంటది.

కుట్లు పోనీలే అనుకోవచ్చు, అసలు దెబ్బ దొంగతనం, అంటే ఒక పెట్టె ఈగలు ఇంకో దాని తేనె ఎత్తుకుపోవడం. తుడిచిన ఫ్రేములు టబ్బులో పెట్టి పైన దుప్పటి కప్పా, దుప్పటి ఒక మూల లేచి ఉంది. పావుగంటలో తోటలో ఉన్న పెట్టెలన్నిటికీ కబురు వెళ్ళిపోయింది. టబ్బు అయ్యాక చివర ఉన్న ఏడో నెంబరు పెట్టె మీద పడ్డాయి, అది ముందు నుంచీ బక్కదే. సాయంత్రానికి దాని గుమ్మం ముందు చచ్చిన ఈగలు, మైనం పొడి రవ్వలా పడి ఉంది. ఆ ఏడాది నాలుగు పెట్టెలతో ఆపేశా.

రెండో ఏడాది దోమతెర కట్టి అందులో కూర్చుని తీశా, తెల్లవారుజామునే మొదలుపెట్టా, పక్కన నీళ్ళ బకెట్ పెట్టుకుని బ్రష్ ప్రతి ఫ్రేముకీ కడుక్కున్నా, దొంగతనం తగ్గింది. కానీ కుట్లకి భయపడి పొగ ఎక్కువ కొట్టా. కొబ్బరి పీచు మా దగ్గర ఊరికే దొరుకుద్ది కాబట్టి పొగడబ్బా నిండా కూరి కొట్టా. పొగ తగిలితే ఈగలు ఏం చేస్తాయంటే తేనె గదుల్లో తల పెట్టి గబగబా తాగేస్తాయి, అంటే మనం తీద్దామనుకున్న తేనెనే మూతలు కొరికి మరీ తాగుతాయి. పైనుంచి కొడితే కాసేపు కిందికి దిగుతాయి, ఊపిరి తీసుకునే లోపు మళ్ళీ ఎక్కేస్తాయి. చివరికి అత్తయ్య ఒక చెంచా నోట్లో వేసుకుని "ఏంటి అల్లుడూ, ఇది మా పాత పొయ్యి మీద కాచావా" అంది. ఆ ఏడాది తేనె చుట్టాలకి పంచేశా, అమ్మడానికి మొహం చెల్లలేదు.

అప్పుడు సలహాలు మొదలయ్యాయి. ఒకాయన ఫినాయిల్ గుడ్డ పైన కప్పు, దెబ్బకి దిగిపోతాయి అన్నాడు. దిగుతాయి, నిజమే, పాతకాలంలో ఇంగ్లండు వైపు కార్బాలిక్ యాసిడ్ గుడ్డ అలాగే వాడేవారు, తేనెకి ఆ కంపు, ఆ మందు రెండూ పట్టుకుంటాయని వదిలేశారు. తినేదాని మీద ఫినాయిల్ ఏంటండి బాబూ. అమెరికాలో మూతకి గుడ్డ బిగించి దాని మీద చేదు బాదం వాసన లాంటి మందు చల్లుతారు, ఎండకి ఆవిరై ఈగల్ని కిందికి తోలుద్ది. ఇంకో రకం మందు ఉంది, దాని వాసన వాంతి లాగా ఉంటదంట. వందల పెట్టెలు ఉన్నోళ్ళు ఆకులు ఊదే బ్లోయర్‌తో ఊదేస్తారు. మా ఏసీ మెకానిక్ తమ్ముడు బ్లోయర్ ఇస్తానన్నాడు గానీ తోటలో కరెంటు మోటారు షెడ్డు దాకానే ఉంది.

నాకు నచ్చింది ఎస్కేప్ బోర్డు. అంటే పై పెట్టెకీ కింద అరకీ మధ్య పెట్టే, ఈగలు ఒక వైపే వెళ్ళగలిగే తలుపు. 1891లో అమెరికాలో పోర్టర్ అనే ఆయన చేసిన రకం ఉంది, రెండు సన్నటి స్ప్రింగు రేకుల మధ్య నుంచి ఈగ తోసుకుని కిందికి వెళ్ళుద్ది, వెనక్కి రాలేదు. అందులో ఇబ్బంది ఏంటంటే లావుపాటి పోతుటీగ ఒక్కటి ఇరుక్కుందంటే దారి మూసుకుపోద్ది, లేదా ఈగలే జిగురు పూసి రేకుల్ని అతికించేస్తాయి. అందుకని కదిలే భాగం ఏదీ లేని త్రికోణం రకం చేయించా. పెట్టె సైజు ప్లైవుడ్ చెక్క, 20 అంగుళాలకి 16 అంగుళాల పావు, మధ్యలో ఒక కన్నం. చెక్క అడుగున సన్నటి రీపర్లతో త్రికోణంలో త్రికోణం, మూలల దగ్గర మాత్రం ఈగ పట్టే సందు, దాని మీద కిటికీకి కొట్టే జాలీ. వడ్రంగి మేస్త్రి బొమ్మ తిప్పి తిప్పి చూసి "ఇది ఈగలకి చిట్టడవి లాగుందండి" అన్నాడు, సరిగ్గా అదే.

పని చేసేది ఇలాగ. రాత్రి చల్లబడితే ఈగలు రాణి, పిల్లలు ఉన్న కింద అరకి దిగుతాయి, కన్నంలోంచి దిగి మూలల దగ్గర బయటపడతాయి. మళ్ళీ పైకి రావాలంటే తేనె వాసన జాలీ మధ్యలోంచి వస్తది కాబట్టి మధ్యలోనే తచ్చాడతాయి, మూలలకి వెళ్ళాలన్న ఆలోచన రాదు. కానీ మూడు నాలుగు రోజులు వదిలేస్తే దారి కనిపెట్టేస్తాయి, రెండో రోజు దాటనివ్వకూడదు.

మార్చి మొదటి వారం, శుక్రవారం సాయంత్రం మిల్లు నుంచి తిన్నగా తోటకి వెళ్ళా. ముందు ఫ్రేములు చూసుకున్నా, ముప్పాతిక భాగం పైన మైనం మూతలు పడ్డవే ఉంచా. అనుమానం ఉన్నవి అడ్డంగా పట్టుకుని విదిల్చి చూడాలి, చుక్కలు రాలితే అది ఇంకా పచ్చి తేనె, తేమ 20 శాతం దాటితే పులిసిపోద్ది. నిండిన పై పెట్టె ముప్పై కేజీలు తక్కువ ఉండదు, మావయ్య ఒక పక్క నేను ఒక పక్క పట్టి లేపితే, అత్తయ్య బోర్డు తోసేది. "ఒరేయ్ అల్లుడూ తొందరగా కానీ, నడుం పట్టేస్తంది" అని మావయ్య, "ఆగండి మావయ్యా, త్రికోణం కింద వైపుకి ఉందో లేదో చూడనీయండి" అని నేను. ఒకటి తలకిందులుగా పెట్టాం కూడా, తీసి మళ్ళీ పెట్టాం. బలంగా ఉన్న రెండు పెట్టెలకి బోర్డు కింద ఒక ఖాళీ ఫ్రేముల పెట్టె ఇచ్చా, లేకపోతే పైనుంచి దిగినవి ఎక్కడ ఉంటాయి, రాత్రంతా గుమ్మానికి గడ్డంలా వేలాడతాయి. మొత్తం ఆరు బోర్డులు.

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి మొదటి మూత తీశా. అలవాటు కొద్దీ ముసుగు బిగించుకుని, పొగడబ్బా పట్టుకుని నుంచున్నా. లోపల చప్పుడు లేదు. ఎప్పుడూ బుసబుసలాడే పెట్టె ఖాళీ ఇల్లులా ఉంది, ఫ్రేముల పైన తెల్లటి మైనం మూతలు కొత్తగా సున్నం వేసినట్టు కనపడతన్నాయి, లెక్కపెడితే ఓ ఇరవై ముప్పై ఈగలు తీరిగ్గా నడుస్తన్నాయి, అంతే. ఒక్కో ఫ్రేము తీసి వేపరెమ్మతో అలా అంటే ఎగిరిపోయాయి. పొగ ఒక్క దమ్ము కూడా కొట్టలేదు. మావయ్య ముసుగు లేకుండా వచ్చి తొంగి చూసి "వెళ్ళిపోయాయా ఏంటి, పారిపోయాయా" అని కంగారు పడ్డాడు.

ఆరులో నాలుగు అలా వచ్చాయి. ఐదోది మూత తీస్తే నిండుగా ఈగలు, ఒక్కటీ దిగలేదు. మధ్య ఫ్రేము తీసి చూస్తే అరచేయంత మేర పిల్లలు. ఆ పెట్టెకి రాణిని ఆపే జల్లెడ వంగిపోయిందని పెట్టకుండా వదిలేశా, రాణి పైకెక్కి గుడ్లు పెట్టేసింది. పిల్లలు ఉన్న చోటు వదిలి ఈగలు దిగవు, దిగితే అవి ఈగలే కాదు. అది అలాగే మూసేశా. పిల్లలున్న ఫ్రేముల్ని కూడా మిషన్లో వేసి తిప్పేసేవాళ్ళు ఉన్నారు, ఆ తేనెలో పిల్లల రసం కలుస్తది, నేనైతే తినను.

ఆరోదానికి మాత్రం తప్పు పూర్తిగా నాదే. పెట్టె వెనక మూల చెక్క పుచ్చి చిటికెన వేలు పట్టేంత బొక్క ఉంది. ఈగలు లోపల ఉన్నన్నాళ్ళు అవే కాపలా కాసుకున్నాయి, బోర్డు పెట్టి కాపలా వాళ్ళని కిందికి పంపేశాక ఆ బొక్క వీధి తలుపు అయిపోయింది. శనివారం పగలంతా పక్క పెట్టెల ఈగలు లూటీ చేసుకున్నట్టున్నాయి, మూడు ఫ్రేములు ఎండు తుట్టెలు మిగిలాయి, మిగతావాటికి చీమలు. కాస్త ఎంసీల్ రాసి ఉంటే సరిపోయేది. ఇప్పుడు బోర్డు పెట్టే ముందు పై పెట్టె చుట్టూ సెల్‌ఫోన్ లైటు వేసి మరీ సందులు వెతుకుతున్నా.

ఈగలు లేని ఫ్రేములు కాబట్టి తోటలో దోమతెర బాధ లేకుండా ట్రాలీ ఆటోలో వేసుకుని ఇంటికే తెచ్చా, వంటింటి కిటికీలు మూసి అక్కడే మిషన్ తిప్పాం, నాలుగు పెట్టెలకి 52 కేజీలు వచ్చింది. కుట్లు రెండే, రెండూ ఆ ఐదో పెట్టెవే. పిండేసిన తడి ఫ్రేములు చీకటి పడ్డాకే తిరిగి పెట్టా, పగలు పెడితే మళ్ళీ దొంగతనాలు మొదలవుతాయి, మర్నాటికి నాకి శుభ్రం చేసి ఉంచాయి.

బోర్డులు కడిగి పశువుల పాక మీద ఆరబెట్టమని అత్తయ్యకి ఇచ్చా. వారం పోయాక వెళ్తే వాటి మీద గుమ్మడికాయ ఒడియాలు పెట్టి ఉన్నాయి, జాలీ కదా కింద నుంచి గాలి బాగా ఆడుద్దంట.