‘మాత్రమే’ అన్నందుకు

సంక్రాంతికని గుంటూరు వచ్చి తొమ్మిది రోజులైంది. బ్రాడీపేటలో మా మేడ మీద, అరిసెల డబ్బా పక్కన పెట్టుకుని ఇది రాస్తున్నాను. అక్టోబరులో లండన్‌లో ఒక పెద్దావిడ నన్ను ఒక్క మాట గురించి మందలించింది. అది నాతోపాటే విమానమెక్కి వచ్చింది. ఆవిడ అన్నది సబబేనని ఒక పూట అనిపిస్తుంది. నా తప్పేముందని ఇంకో పూట రోషం వస్తుంది.

నేను అక్కడ ఎమ్మెస్సీ చదువుతూ సాయంత్రాలు ఒక థియేటర్లో పని చేస్తున్నాను. సినిమా హాలు కాదు, నాటకాలాడేది. నల్ల బట్టలు వేసుకుని, టికెట్టు చూసి సీటు చూపించడం నా పని. ఇంటర్వెల్‌లో మెడకు ట్రే తగిలించుకుని ఐస్‌క్రీమ్ కప్పులు అమ్ముతాం. ఆట మధ్యలో ఎవరైనా ఫోను పైకెత్తితే చిన్న టార్చి వేసి దించమంటాం. స్టూడెంట్ వీసా కాబట్టి కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు మించకూడదు. 2025లో గంటకు 12 పౌండ్ల 21 పెన్నీలు ఇచ్చేవారు. వారమంతా నిలబడితే 244 పౌండ్లు, అందులోంచి పోయేవి పోతాయి.

అప్పుడు మా దగ్గర ఆడుతున్నది పాత మ్యూజికల్, అంటే పాటలతో నడిచే నాటకం. దశాబ్దాల కిందటి ఆటను కొత్త డైరెక్టరు మళ్ళీ రంగం మీదికి తెచ్చాడు. హీరోయిన్ వేషానికి టీవీలో పేరున్న ఆవిడను తీసుకున్నారు. గుమ్మం మీది బోర్డులో ఆట పేరు కన్నా ఆవిడ ముఖమే పెద్దది. ఆ రోజు ఆవిడకు గొంతు పోయింది. ఇలాంటప్పుడు ఆ వేషం ముందే నేర్చుకుని సిద్ధంగా ఉండే బదులు నటి, అంటే అండర్‌స్టడీ, ఆడుతుంది. ఫలానా పాత్రలో ఇవాళ ఫలానావారు అని ఒక కాగితం ముందు హాల్లో అంటిస్తారు. నటులు మారినందుకు డబ్బు వెనక్కివ్వమని టికెట్టు షరతుల్లో ముందే రాసి ఉంటుంది, ఎవరూ చదవరు.

ఒక తల్లి, ఇద్దరు కూతుళ్ళు. రైల్లో మూడు గంటలు ప్రయాణం చేసి వచ్చారట. చిన్నపిల్ల భుజాన ఆ టీవీ ఆవిడ బొమ్మ ఉన్న సంచి. కాగితం చూసి తల్లి ముఖం వాడిపోయింది. “ఆవిడ రాలేదా?” అంది. నాకు నిజంగానే జాలేసి, “సారీ అండీ, ఇవాళ అండర్‌స్టడీ మాత్రమే” అన్నాను. ఆ మూడు టికెట్లూ కలిపితే నా వారం కూలి దాటిపోతుంది. ఆ లెక్క తలలో తిరుగుతోంది కాబట్టే నోట్లోంచి ఆ మాట వచ్చింది.

పక్క తలుపు దగ్గరి పెద్దావిడ విన్నది. ముప్పై ఏళ్ళుగా ఆ గుమ్మంలో నిలబడుతున్న మనిషి. జనం లోపలికి వెళ్ళాక దగ్గరికి వచ్చి, గొంతు పెంచకుండానే చెప్పింది. “ఆ ‘మాత్రమే’ ఇంకెప్పుడూ ఇక్కడ అనకు. ఆ అమ్మాయి రోజూ వెనక వరసలో ఆడుతూ, ఈ వేషమంతా నోటికి పెట్టుకుని ఉంది. ఆమె ఇంకా రంగం మీదికే రాలేదు, నువ్వు అప్పుడే ఆమెను తగ్గించి లోపలికి పంపావు వాళ్ళని.” తర్వాత నా చేతిలోంచి టార్చి తీసుకుని, “రెండో సగం లోపల నిలబడి చూడు. నీ తలుపు నేను చూసుకుంటాను” అంది.

మందలింపుకి తలదించుకోవాలో, దయకి దణ్ణం పెట్టాలో తెలియలేదు. గోడకు ఆనుకుని చూశాను. ఆ అమ్మాయికి మొదటి పాటలో శ్రుతి కాస్త పైకి పోయి, వెంటనే సర్దుకుంది. పెద్ద పాట దగ్గరికి వచ్చేసరికి హాల్లో దగ్గు కూడా వినపడలేదు. చివర్లో అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ తల్లీ లేచింది. చిన్నపిల్ల లేవలేదు, సంచి ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. ఆ పిల్లను నేను తప్పు పట్టలేను.

పేరున్నవాళ్ళను తెచ్చి పాత ఆట ఆడించడం, దాని మీద జనం రెండుగా చీలడం అక్కడ ఏటా ఉండేదే. 2023లో పుస్సీక్యాట్ డాల్స్ పాటల నికోల్ షెర్జింగర్‌ను ‘సన్‌సెట్ బులవార్డ్’కి తీసుకున్నప్పుడు పాప్ పాటలావిడకు ఈ వేషమేమిటని ముఖం చిట్లించినవాళ్ళున్నారట. ఆవిడ ఆ వేషానికే 2024లో లండన్ నాటకాలకిచ్చే ఆలివియర్, 2025లో న్యూయార్క్ బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డులు తీసుకుంది. న్యూయార్క్‌లో 2022లో ‘ఫన్నీ గర్ల్’ని 1964 తర్వాత తొలిసారి బ్రాడ్‌వే మీదికి తెచ్చినప్పుడు బీనీ ఫెల్డ్‌స్టైన్ గొంతు చాలదని పెదవి విరిచారు. ఆమె వెళ్ళిపోయాక, సెప్టెంబరులో లియా మిషెల్ వచ్చేదాకా ఆగస్టంతా బండి లాగింది అండర్‌స్టడీగా ఉన్న జూలీ బెంకో. ఆమె పాటను జనం మెచ్చుకున్నారు. పెద్ద పేరు వచ్చాక కూడా గురువారాల ఆట ఆమెకే ఉంచారు.

నా కళ్ళతో చూసింది ఒకటుంది. 2025 వేసవిలో లండన్ పల్లాడియంలో ‘ఎవీటా’ ఆడారు. 1978లో మొదట వచ్చిన ఆట, అర్జెంటీనా నాయకురాలు ఎవా పెరోన్ కథ. ఈసారి డైరెక్టరు జేమీ లాయిడ్, ఎవీటా వేషం హాలీవుడ్ అమ్మాయి రేచల్ జెగ్లర్‌ది. ఆ ఆటకే పేరు తెచ్చిన పాటను ఆమె లోపల రంగం మీద పాడలేదు. థియేటర్ ముందు బాల్కనీలోకి వచ్చి, కింద ఆర్గైల్ స్ట్రీట్‌లో నిలబడ్డ జనానికి పాడింది. టికెట్టు కొని లోపల కూర్చున్న 2,000 మందికి పైగా జనం అదే పాటను తెర మీద చూశారు. వందల పౌండ్లు పోసి వీడియో చూడటమేమిటని కొందరు మండిపడ్డారు. నాయకురాలు వీధిలో జనంతో మాట్లాడే ఘట్టం కాబట్టి ఇంతకన్నా సరైన పద్ధతి లేదని మరికొందరు మురిసిపోయారు. నాకు డ్యూటీ లేని ఒక రాత్రి, తొమ్మిది దాటాక, నేనూ ఆ వీధిలో నిలబడ్డాను. నా పక్కన తిండి డెలివరీ చేసే కుర్రాడు సైకిల్ పట్టుకుని నిలబడి తల పైకెత్తి చూస్తున్నాడు. పైసా ఖర్చు లేకుండా ఆమె మా కళ్ళెదుట ఉంది. ఊళ్ళో పందిరి అవతల నిలబడి నాటకం చూసినట్టే అనిపించి, ఆ కాసేపూ నాకు పరాయి ఊరు గుర్తులేదు.

మందలింపు పడ్డ వారంలోనే ఒకరోజు టీ తాగుతూ మా పెద్దావిడతో గొప్పగా చెప్పాను, మా గుంటూరు వైపు ఈ బాధే లేదని. మా పద్యనాటకంలో ఒకే రాత్రి ముగ్గురు కృష్ణులుంటారు, అర్జునుడూ దుర్యోధనుడూ సాయం అడగడానికి వచ్చే పడక సీనుకు ఒకరు, రాయబారానికి ఒకరు, యుద్ధానికి ఇంకొకరు. ముగ్గురి పేర్లూ, ముగ్గురి ఫొటోలూ కరపత్రంలో ఉంటాయి. ఎవరూ ఎవరికీ బదులు కాదు. “మరి జనం తికమక పడరా?” అంది. ఎందుకు పడతారు, నెమలి పింఛం ఎవరి తలమీద ఉంటే వాడే కృష్ణుడు అన్నాను. పద్యం బాగుంటే నాటకం ఆపి వన్స్ మోర్ కొట్టి మళ్ళీ పాడించుకుంటారని, బాగుండకపోతే ముఖం మీదే చెప్తారని, మీలాగా ప్రతి ఆటకీ మర్యాదకి లేచి నిలబడరని కూడా అన్నాను. కాస్త కసిగానే అన్నాను.

ఆవిడ అంతా శ్రద్ధగా విని ఒకటే అడిగింది. “ఆ ముగ్గురిలో జనం ఎవరి కోసం వస్తారో, అతను రాకపోతే?”

నా దగ్గర జవాబు లేదు. అది పట్టుకునే ఇంటికి వచ్చాను.

మా బాబాయి ముప్పై ఏళ్ళు పద్యనాటకాలకు హార్మోనియం వాయించాడు. ఇప్పుడు వేళ్ళు వణుకుతాయి, వినడానికి మాత్రం ఎంత దూరమైనా వెళ్తాడు. కనుమ వెళ్ళాక శనివారం నన్ను వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో నాటకానికి తీసుకెళ్ళాడు. నేను నాటకం కన్నా జనాన్నే ఎక్కువ చూశాను. మొదటి కృష్ణుడు కుర్రవాడు, ఏదో ఆఫీసులో ఉద్యోగమట. పడక సీనులో పద్యం ఎత్తుకున్నాడో లేదో, మా ముందు వరస వరసంతా టీకి లేచిపోయింది. “అసలాయన రాయబారంలో వస్తాడుగా” అనుకుంటూ వెళ్ళారు. ఆ కుర్రవాడు ఖాళీ కుర్చీల వైపు చూడకుండా, దూరంగా ఎక్కడో చూస్తూ రాగం లాగాడు. నా ఒళ్ళు చల్లబడింది. కరపత్రంలో ముగ్గురూ సమానమని నేను లండన్‌లో చెప్పింది కరపత్రం వరకే నిజం. అతని ఫొటో కూడా బొటనవేలంతే ఉంది, తర్వాత చూసుకున్నాను.

అయినా ఒక మాట మన తరఫున అనకుండా ఉండలేను. టీకి వెళ్ళినవాళ్ళు గుమ్మంలోనే గ్లాసులు పట్టుకుని నిలబడి వింటూనే ఉన్నారు. నాలుగో పద్యం దగ్గర బయటినుంచే ఎవరో “వన్స్ మోర్” అని కేకేశారు. గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది. ఆ కేకలో మర్యాద కోసం అన్నది ఏమీ లేదు, చెవికి నచ్చి అన్నది. లండన్ హాల్లో వెయ్యిమంది లేచి నిలబడినప్పుడు కూడా నాకు అంత నమ్మకం కలగలేదు. ఇది ఇంటి మీది బెంగ చెప్పిస్తున్న మాటేమో, అయినా నాకు అలాగే అనిపించింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆవిడ ప్రశ్నే అడిగాను. “బాబాయ్, రాయబారం ఆయన రాకపోతే?”

“రాకేం, చాలాసార్లు రాలేదు” అన్నాడు. “తెనాలి అవతల ఒక ఊళ్ళో రాత్రి రెండింటికి కబురొచ్చింది, కారు చెడిపోయిందని. మొదటి కృష్ణుడే పింఛం సర్దుకుని మళ్ళీ ఎక్కాడు. జనం గోలగోల. డబ్బులిచ్చిన కాంట్రాక్టరు పక్కన నిలబడి చేతులు పిసుక్కుంటున్నాడు. నేను శ్రుతి ఇచ్చా, ఆయన అందుకున్నాడు. పది పద్యాలకి గోల ఆగింది. తెల్లారేదాకా లాగాడమ్మా.”

“తర్వాత ఆయనకి పేరొచ్చిందా?”

“లేదు. ఆ తర్వాత కూడా మొదటి కృష్ణుడే.”

కాసేపాగి తనే మళ్ళీ అందుకున్నాడు. “స్థానం వారు వేషంలోకి ఎలా వచ్చారనుకున్నావ్?” స్థానం నరసింహారావు గారి పేరు మా ఇంట్లో తెలియనివాళ్ళు లేరు. ఆడవేషంలో ఆయన సత్యభామను చూసినవాళ్ళ మాటలు విని పెరిగాం. 1956లో పద్మశ్రీ అందుకున్న మనిషి. నాకు తెలియనిది ఇది. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం ఆడుతుంటే చంద్రమతి వేషగాడు రాలేదు. ఆ చంద్రమతిగానే ఆయన మొదటిసారి రంగం ఎక్కారు. అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా లేవు. “ఆ రాత్రి గుమ్మంలో ఎవడైనా ‘ఇవాళ ఎవరో కుర్రాడు మాత్రమే’ అనే ఉంటాడు కదా” అన్నాడు బాబాయి.

నేను బాబాయికి అప్పటిదాకా నా మందలింపు సంగతి చెప్పలేదు. ఆ మాట ఆయన నోట అదే రూపంలో వచ్చేసరికి, ఇంటికి చేరాక మొత్తం చెప్పాను. తల్లి, పిల్లలు, సంచి, కాగితం, పెద్దావిడ తీసుకున్న టార్చి, శ్రుతి పైకి పోయి దిగిన పాట. పిన్ని పాలు కాచి తెచ్చింది. బాబాయి కళ్ళు మూసుకుని విన్నాడు, పద్యం వింటున్నప్పటిలాగే.

“శ్రుతి పోయి మళ్ళీ పట్టుకుందంటే గట్టి పిల్లే” అన్నాడు. “పేరేమిటి?”

నాకు గుర్తు రాలేదు. ఆ సాయంత్రం జనం లోపలికి వెళ్ళేదాకా ఆ కాగితం ముందే నిలబడ్డాను. వచ్చినవాళ్ళందరికీ దాన్ని వేలు పెట్టి చూపించాను. టీవీ ఆవిడ పేరు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. జూలీ బెంకో పేరు చెప్పగలను, ఎప్పుడూ చూడని మనిషిది. ఈ అమ్మాయి పేరు నా నాలుక మీద లేదు. మూడు నెలలుగా నన్ను మందలించడం న్యాయమా కాదా అని తర్కించుకుంటూనే ఉన్నాను, ఆ తర్కంలో ఆ అమ్మాయికి పేరే లేదు.

అక్కడ అప్పుడు రాత్రి ఎనిమిది కావస్తోంది, రెండో బెల్లు కొట్టి ఉంటారు. మా పెద్దావిడకు మెసేజ్ పెట్టాను. తెల్లవారి లేచేసరికి జవాబు ఉంది, పేరూ ఇంటిపేరూ. కింద ఇంకో ముక్క. ఈ నెలలో ఆమెకు మరో ఊళ్ళో మరో ఆటలో పని దొరికిందని, అక్కడా అండర్‌స్టడీయేనని.

బాబాయి కళ్ళజోడు పెట్టుకుని నా ఫోన్ దగ్గరగా పట్టుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ ఆ పేరు రెండుసార్లు పైకి చదివాడు. రెండోసారి సరిగ్గా పలికాడు.