టి కణాల ఆకలి
రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలైన టి కణాలను ఉత్తేజపరిచిన కొద్ది రోజులకు, ఎర్రని పోషక ద్రావణం పసుపు రంగుకు తిరగడం ల్యాబ్‌లో చూసినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే. విశ్రాంతిలో ఉన్నంతకాలం కణంలోని శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియాలో నిదానంగా ఇంధనాన్ని వాడుకునే ఈ కణాలు, ఉత్తేజం అందగానే ఆక్సిజన్ ఉన్నా సరే గ్లూకోజును గబగబా లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తాయి. ఆ రంగు మార్పు దాని ఫలితమే. గ్లూకోజు అణువుకు ఇలా దక్కేది 2 ఏటీపీలే (కణం ఖర్చు పెట్టుకునే శక్తి అణువులు) అయినా, విభజనకు కావలసిన ముడిసరుకు త్వరగా సమకూరుతుంది.

ఈసారి గ్లూకోజు బాగా తగ్గించి చూశాం. కణాలు చాలావరకు చావలేదు. ఏఎంపీకే అనే ఎంజైము కొరతను పసిగట్టి ఖర్చులకు కళ్లెం వేస్తే, అవి గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం వైపు మళ్లి మైటోకాండ్రియాతోనే నెట్టుకొచ్చాయి. ఇంటర్‌ఫెరాన్ గామా అనే, పోరాటానికి అవి వాడే ప్రోటీను తయారీ మాత్రం పడిపోయింది. క్యాన్సర్ కణాలు గ్లూకోజును ముందే లాగేసుకున్న కణితిలో, టి కణాలు బతికుండి కూడా పోరాడలేకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.