గెడ్డ రిజిస్టరుకు ముద్ర వేయించుకున్న నా అనుభవం

మా గ్రామసభ తీర్మానాన్నీ, గెడ్డ (కొండవాగు) నీటి రిజిస్టరు నకలునూ తీసుకున్నట్టు అటవీ శాఖ కార్యాలయం నుంచి ముద్రతో కూడిన రసీదు నిన్న నా చేతికి వచ్చింది. దాని కోసం రెండు నెలలు తిరిగాను.

మాది అల్లూరి సీతారామరాజు జిల్లాలో కొండ కింద ఊరు. వేసవిలో అడవి తగలబడకుండా ఏటా చలికాలం చివర్లో, గడ్డి మీద మంచు తడి పూర్తిగా ఆరకముందే, ఫైర్ లైన్ల (నిప్పు దాటకుండా అడవిలో ఖాళీగా ఉంచే పట్టీల) వెంట ఆకుచెత్తను కాలుస్తారు. అది అవసరమైన పనే. మార్చి, ఏప్రిల్ నెలల్లో కొండ మీద నిప్పు లేస్తే, కాలడానికి ఏమీ లేని ఆ జాగా దగ్గర దాన్ని ఆపవచ్చు. కిందటేడు మాత్రం గెడ్డ ఒడ్డు దాకా కాల్చేశారు. తొలకరికి బూడిదా మన్నూ కలిసి దిగి, మేము తాగే గెడ్డ మూడు రోజులు నల్లగా పారింది. అంతకుముందు ఏ రాయి తిరగేసినా అడుగున మూడు తోకల చిన్న పురుగులు అతుక్కుని ఉండేవి. అవి నీరు బాగున్నచోటే నిలుస్తాయి. ఆ వానల తరువాత అవే రాళ్లు బురద పట్టి జిగటగా తగిలాయి, కింద ఎర్రటి సన్నని పురుగులే మిగిలాయి.

జల్ జీవన్ మిషన్ కింద నీటి పరీక్ష నేర్చుకున్న మా ఊరి ఐదుగురు ఆడవాళ్లలో నేనొకదాన్ని. కిట్టుతో చూసిన లెక్కలన్నీ తేదీలతో ఆ రిజిస్టరులో రాసి పెట్టాం. గెడ్డకు ఇరువైపులా ముప్పై అడుగులు కాల్చకూడదనీ, కాల్చే రోజు ముందుగా చెప్పాలనీ, మా మనుషులు ఇద్దరు దగ్గరుండాలనీ గ్రామసభ ఒక్క పూటలో తీర్మానించింది.

కార్యాలయంలోనే నా ప్రాణం విసిగిపోయింది. మొదటి రోజు పది గంటలకు వెళితే నాలుగింటి దాకా వరండాలో నిలబెట్టారు. లోపలికి పిలిచాక ఆ ఉద్యోగి రిజిస్టరు తెరవకుండానే దాని మీద టీ గ్లాసు పెట్టి, "నీళ్లు చూడడానికి ల్యాబులున్నాయి, నువ్వెవరు?" అన్నాడు. నా కూతురి వయసు అమ్మాయిలు పక్క బల్లల దగ్గర తల వంచుకున్నారు. అట్ట మీద పడిన ఆ గుండ్రటి మరకను తుడుచుకుంటూ బస్సెక్కాను. తరువాత నాలుగుసార్లు వెళ్లాను. ప్రతిసారీ కాగితం తీసుకుంటామన్నారు గాని, అందినట్టు రాసి ఇవ్వడానికి ఒప్పుకోలేదు.

అటవీ హక్కుల చట్టం, 2006లోని 5వ సెక్షన్ ప్రకారం పరీవాహక ప్రాంతాలనూ నీటి వనరులనూ కాపాడే అధికారం గ్రామసభకు ఉంది. ఆరోసారి ఆ సెక్షన్ నకలు జతచేసి, తీర్మానాన్ని స్పీడ్ పోస్టులో పై అధికారికి పంపాను. దానిపై ఏ చర్య తీసుకున్నారో చెప్పమంటూ సమాచార హక్కు దరఖాస్తు కూడా వేశాను. ముప్పై రోజుల గడువు తీరకముందే పిలుపు వచ్చింది. ఇలాంటి పని మీద వెళ్లేవారు నోటి మాట నమ్మి తిరిగి రావద్దు, రెండో ప్రతి మీద ముద్ర పడేదాకా బల్ల దగ్గర నుంచి కదలవద్దు.

మా వైపు అడవిని చూసుకునే అటవీ ఉద్యోగి, బీట్ ఆఫీసర్ గారు మొదటి నుంచీ మర్యాదగానే ఉన్నారు. ఈ ఉదయం ఆయనతో కలిసి టేపు పట్టి కొలిచి, ముప్పై అడుగుల దగ్గర చెట్లకు సున్నం గుర్తులు పెట్టాం. వచ్చే వారం కాలుస్తారు. ముందు రోజు ఒకసారి, కాల్చిన మర్నాడు ఒకసారి, తొలకరి పడిన రోజు మరొకసారి గెడ్డ నీరు పరీక్షించి, మరక పడిన ఆ రిజిస్టరులోనే రాస్తాం.