కాలు కింద పెట్టకు

ఆస్ట్రేలియాలోని కల్గూర్లీలో ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేస్తే బాపు మొదట అడిగింది ఒకటే. "గనిలకు దిగుతవా బిడ్డా?" ముప్పై ఏళ్లు సింగరేణిలో చేసిన మనిషి, ఆ భయం ఆయనది. దిగను బాపూ, బంగారం ఎక్కడుందో వెతికే పని, బండి మీద తిరుగుతూ మట్టి శాంపిళ్లు తీయాలి అన్నాను. ఏం బండి అంటే, క్వాడ్ అని నాలుగు చక్రాలది అని చెప్పాను. "నాలుగు చక్రాలా? గట్లైతే పడదు గద!"

నేనూ అట్లాగే అనుకున్నాను.

పెర్త్‌కు తూర్పున దాదాపు 600 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది కల్గూర్లీ. 1893లో బంగారం దొరికాక పుట్టిన ఊరు. ఊరి అంచునే సూపర్ పిట్ అనే భారీ బంగారు గని. దాని ఫొటో పంపితే "ఇది మన ఓపెన్‌కాస్ట్‌కు తాత" అన్నాడు బాపు. కానీ నా పని అక్కడ కాదు. ఊరికి దూరంగా పొదల్లో, జీపీఎస్ చూపించిన గీత వెంట పోతూ, ఆగిన చోటల్లా చిన్న గుంత తవ్వి, మట్టి జల్లించి, సంచికి నంబరు వేయడం. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటుతుంది. ఈగల సంగతి చెప్పను, చెప్పినా మీరు నమ్మరు.

బండి ఇచ్చేముందు రెండు రోజులు ట్రైనింగ్ అంటే నవ్వొచ్చింది. తొమ్మిదో తరగతి నుంచి బండి నడుపుతున్నవాణ్ని, ఒక్క బండి మీద నలుగురం పోయినవాళ్లం. మా సూపర్‌వైజర్ అరవై దాటినాయన. నా నవ్వు చూసి, నీకు బైక్ వచ్చా అని అడిగాడు. బాగా వచ్చు అన్నాను. "అయితే నీకే ఎక్కువ టైం పడుతుంది" అన్నాడు.

ఎందుకన్నాడో మూడో వారంలో తెలిసింది. ఎండిన వాగు గట్టు అడ్డంగా దాటుతుంటే బండి ఎడమకు ఒరిగింది. ఆలోచించలేదు, ఎడమ కాలు కింద పెట్టాను. బైక్ మీద ఎవరైనా చేసేది అదే కదా. క్వాడ్‌లో ఫుట్‌రెస్ట్ వెనకాలే వెనక చక్రం ఉంటుంది. నేల మీద పెట్టిన కాలి మీదకు అది ఎక్కేస్తుంది. నా బూటు మడమ టైరు కిందికి పోయింది. స్టీల్ ముక్కు బూటే, కానీ మడమ దగ్గర స్టీల్ ఉండదుగా. చేతి బొటనవేలు థ్రాటిల్ (యాక్సిలరేటర్) మీంచి తీయడంతో బండి ఆగింది. ఇంకో అర అడుగు ముందుకు పోయి ఉంటే మోకాలు ఏమయ్యేదో.

క్వాడ్ దాదాపు 300 కిలోలుంటుంది, నేను 64. అయినా దాన్ని నిలబెట్టేది ఒంటి బరువే. గట్టు ఎక్కుతుంటే ముందుకు వంగాలి, ఏటవాలుకు అడ్డంగా పోతుంటే పైవైపుకు జరగాలి, ఏం జరిగినా కాళ్లు పైనే ఉండాలి. బోల్తా పడితే మనిషి దాని కింద చిక్కుకుని ఊపిరాడక పోతాడు. ఆస్ట్రేలియా పొలాల్లో ఇట్లా చాలామంది పోయారు. అందుకే 2021 అక్టోబరు నుంచి అక్కడ కొత్తగా అమ్మే పని బండ్లకు సీటు వెనక, బండి మనిషిని పూర్తిగా నొక్కేయకుండా ఆపే ఇనుప చట్రం ఉండాలన్నారు.

బండి ఒక్కటే కాదు ప్రమాదం. నూరేళ్ల కింద బంగారం కోసం తవ్వి వదిలేసిన గుంతలు పొదల మధ్య నోరు తెరుచుకుని ఉంటాయి. కళ్లు జీపీఎస్ తెర మీదే పెట్టుకుని పోతే నేరుగా అందులోకే. పక్కన తెల్లటి మట్టి కుప్ప కనిపించిందంటే ఆగి, నడిచి వెళ్లి చూడాలి. సైలెన్సర్ దగ్గర ఎండుగడ్డి ఇరుక్కుంటే మంట లేస్తుంది, గంటగంటకూ తీసేయాలి. చెప్పిన టైముకు శాటిలైట్ ఫోన్‌లో పలకకపోతే వెతకడానికి బయల్దేరతారు.

బూటు టైరు కిందికి పోయిన ఆ సాయంత్రం, సంగతి చెప్పాలా వద్దా అని ఒకటే టెన్షన్. దెబ్బేం తగల్లేదు. వీసా కంపెనీ చేతిలో. ఊళ్లో అయితే బూటు తుడుచుకుని ఊరుకునేవాణ్నే. క్యాంపులో బూటు మీద టైరు అచ్చు ముందుగా చూసింది మా సూపర్‌వైజరే. తిట్టలేదు. కాగితం ముందు పెట్టి, ఏ కాలు, ఎంత వాలు, ఏ గేరు అని అడిగి రాయించాడు. మర్నాడు అదే గట్టు మీద పదిహేను సార్లు దాటించాడు. కాలు కిందికి కదిలిన ప్రతిసారీ "పైన!" అని అరిచేవాడు. రెండు నెలలకు గానీ అలవాటు పోలేదు. ఏడాదికి క్వాడ్‌లు తీసేసి, బెల్టూ పై చట్రమూ ఉన్న పక్కపక్క సీట్ల బండ్లు తెచ్చారు. ఒరిగితే చెయ్యి బయటికి చాపకు అని మళ్లీ మొదటి నుంచి పాఠం.

సంక్రాంతికి ఇంటికి వచ్చాను. బాపును వెనక ఎక్కించుకుని తమ్ముడి బైక్ తీశాను. గోదావరిఖని చౌరస్తాలో ఆగాల్సి వచ్చి బ్రేకు వేశాను. కాలు కిందికి దిగలేదు. నడిరోడ్డు మీద, నిలబడ్డ బండితో సహా ఇద్దరం పక్కకు ఒరిగిపోయాం. బాపు లేచి లుంగీ దులుపుకుంటూ, "నాలుగు చక్రాలదే తెచ్చుకోకపోయినవా బిడ్డా" అన్నాడు.